సోలార్ హార్మోనిక్స్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మేం అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఈఈఈ చివరి సంవత్సరం. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అది వదిలేసి, సోలార్ వల్ల కరెంటు లైన్లలో వచ్చే హార్మోనిక్స్ మీద ఎం.టెక్. చేస్తానంటోంది. ఇంత చిన్న విషయాన్ని నమ్ముకోవచ్చా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ సందేహం సబబే. హార్మోనిక్స్ ఒక్కటే తెలిస్తే పిలిచి ఉద్యోగం ఇచ్చేవారు అరుదు. అయితే సోలార్ ప్లాంటును గ్రిడ్‌కు కలిపే ముందు జరిగే అధ్యయనాల్లో అదీ ఒకటి. అవన్నీ చేయగలిగినవారికి మాత్రం పని దొరుకుతుంది.

మన సరఫరా 50 హెర్ట్జ్. ప్యానెళ్ల డీసీని ఇన్వర్టర్ ఏసీగా మార్చేటప్పుడు 50కి రెట్లయిన 250, 350 హెర్ట్జ్ తరంగాలు కూడా కొంత కలుస్తాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. అవి మితిమీరితే ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కుతాయి, కెపాసిటర్లు పాడవుతాయి. అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నాటి నిబంధనల్లోనే ఐఈఈఈ (అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం) 519 ప్రమాణం పరిమితులు దాటరాదని చెప్పింది.

మీటరు తగిలించి అంకెలు రాసుకోవడం ఎవరైనా చేస్తారు. వాటిని చదవడానికే ఇంజినీరు కావాలి. ఉదాహరణకు 100 కిలోవాట్ల ప్లాంటు మిట్టమధ్యాహ్నం సుమారు 140 ఆంపియర్లు ఇస్తూ, అందులో హార్మోనిక్స్ 4 ఆంపియర్లు ఉంటే వక్రీకరణ, అంటే హార్మోనిక్స్ వాటా, 3 శాతం లోపే. తెల్లవారాక ఎండ ముదరకముందు 10 ఆంపియర్లలో 2 ఉంటే 20 శాతం! హడావుడి పడేవారు ఇన్వర్టర్ మార్చమంటారు. నిజానికి హార్మోనిక్ కరెంటు సగానికి తగ్గింది. అందుకే ఆ ప్రమాణం కరెంటు పరిమితులను ఆ క్షణపు కరెంటుతో కాక గరిష్ఠ లోడు కరెంటుతో పోలుస్తుంది.

ఇంకో చిక్కు. 5 శాతం ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) ఉన్న 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 200 కేవీఏఆర్ కెపాసిటర్ బ్యాంకు ఉంటే రెజొనెన్స్, అంటే రెండూ కలిసి ఒక తరంగాన్ని పెంచేసే స్థితి, దాదాపు 350 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అప్పుడు ఇన్వర్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి ఏడో హార్మోనిక్ (50కి ఏడు రెట్లు, 350 హెర్ట్జ్) కూడా పెరిగిపోతుంది. తప్పు ఇన్వర్టర్‌దా, కెపాసిటర్‌దా? పైగా అదే ఫీడర్ (సరఫరా లైను) మీద అపార్ట్‌మెంట్ల లిఫ్టులు, ఎల్‌ఈడీ దీపాలు, కార్ల చార్జర్లు ఉంటాయి. వాటి వాటా ఎంత? ప్లాంటు నడిచినప్పుడూ ఆగినప్పుడూ కొలిచి పోల్చితేగాని తేలదు. ఈ తగువు తీర్చగలిగినవారిని ఇన్వర్టర్ కంపెనీలూ, కన్సల్టెన్సీలూ, పరీక్షా ప్రయోగశాలలూ వెతుక్కుంటాయి.

బెంగళూరులో ఉండటం కలిసొచ్చే విషయం. కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థ, సీపీఆర్‌ఐ, ఇక్కడే ఉంది. అక్కడ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో ఆమెను కనుక్కోమనండి. ఎం.టెక్. చేరేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూడవద్దు. ప్రయోగశాలలో హార్మోనిక్స్ కొలిచే పవర్ క్వాలిటీ ఎనలైజర్ ఉందా, దాన్ని విద్యార్థుల చేతికి ఇస్తారా అని అడగాలి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసే కాలేజీలకు కొదవ లేదు.

ప్రోగ్రామింగ్ వస్తే వృథా పోదు. పది నిమిషాలకొకటి చొప్పున వారం రీడింగులంటే ఒక్కో కొలతకు 1,008 వరసలు. వాటిని పైథాన్‌లో విశ్లేషించి, ఉచితంగా దొరికే విద్యుత్ లైన్ల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డీఎస్ఎస్‌లో ఫీడర్ నమూనా కట్టగలిగితే ఇంటర్వ్యూలో చూపించడానికి అదే చాలు.

తొలి ఏళ్లలో జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండవచ్చు. ఇంటి అప్పులు ఆమె సంపాదన కోసం ఎదురుచూస్తుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. అప్పుడూ దారి మూసుకుపోదు. ఈసారి గేట్ రాయించండి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఏడాది రెండేళ్లు ఉద్యోగం చేశాక కూడా ఎం.టెక్.కు దరఖాస్తు చేయవచ్చు. గేట్ ద్వారా చేరినవారికి సాధారణంగా నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. బెంగళూరు అద్దెలకు అది చాలదు గానీ, ఆమె మీ ఇంట్లోనే ఉండి చదువుకుంటే ఫీజు తప్ప మీ మీద పెద్ద భారం పడదు.