ఊరికి 3 కి.మీ. మట్టి బాట, మధ్యలో వాగు: ఏ నిధులు అడగాలి, ఎవరిని అడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2011 లెక్కల ప్రకారం ఊరి జనాభా 620. తారు రోడ్డు నుంచి ఊళ్ళోకి 3 కి.మీ. మట్టి బాట. మధ్యలో దాదాపు 35 మీటర్ల వెడల్పు వాగు, దాని మీద పాత చప్టా. వానాకాలంలో రాకపోకలు బంద్. రెండుసార్లు అర్జీ ఇస్తే "ఫండ్స్ లేవు" అన్నారు. అసలు ఏ పథకం వర్తిస్తుంది?

"ఫండ్స్ లేవు" అంటే చాలాసార్లు "మీ అర్జీ ఏ పద్దు కిందికి వస్తుందో మేం చూడలేదు" అని అర్థం. "రోడ్డు, వంతెన మంజూరు చేయ ప్రార్థన" అని ఒకే కాగితం మీద రాస్తే అది ఏ పద్దులోనూ ఇమడదు. రోడ్డుకొక దారి, వంతెనకొక దారి, ఊళ్ళో వీధులకు ఇంకో దారి.

అన్నిటికంటే ముందు ఆ బాట ఎవరిదో తేలాలి. ఊరి లోపలి వీధులు పంచాయతీవి. ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు వచ్చేవి సాధారణంగా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రహదారులు ఆర్ అండ్ బీవి. కాలువ గట్టు మీద నడిచే బాటయితే ఇరిగేషన్ వాళ్ళది, అడవిలోదయితే అటవీ శాఖది. మండలంలో పంచాయతీరాజ్ అసిస్టెంట్ ఇంజనీరు (పీఆర్ ఏఈ) దగ్గరికి వెళ్ళి జిల్లా గ్రామీణ రోడ్ల ప్లాన్‌లో మీ బాట ఉందా, ఏ పేరుతో, ఎంత పొడవుతో ఉందో చూడండి. ఆ ప్లాన్‌లో లేని రోడ్డుకు ఎస్టిమేట్ వేసినా ఫైలు పైకి కదలదు. ఆ తర్వాత గ్రామ నక్షాలో ఆ బాట పుంతగానో, డొంకగానో, బండ్ల బాటగానో ఉందేమో సర్వేయర్‌తో చూపించుకోండి. నక్షాలో ఉంటే సాధారణంగా అది ప్రభుత్వ భూమే. లేకపోతే రైతుల పట్టా పొలాల్లోంచి నడుస్తున్నట్టు లెక్క, అప్పుడు కథ వేరు.

ఇక రోడ్డు. మీ జనాభాకు మొదట చూడాల్సింది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబర్ 25న మొదలైన ఈ పథకం ఇప్పుడు నాలుగో దశలో ఉంది. 2024-25 నుంచి 2028-29 వరకు 62,500 కి.మీ., 25,000 ఆవాసాలు (ఇళ్ళు ఒకచోట ఉన్న ఊళ్ళు, తండాలు, గూడేలు), రూ.70,125 కోట్లు. మైదాన ప్రాంతంలో జనాభా 500 దాటిన, రోడ్డు లేని ఆవాసాలు అర్హం. ఐదో షెడ్యూలు గిరిజన ప్రాంతాల్లో, ఆకాంక్షిత (వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన) జిల్లాలు, బ్లాకుల్లో 250 చాలు. నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 100 ఉన్నా చాలు. లెక్క 2011 జనాభాది. మన రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, లెక్క ఆవాసానిది, రెవెన్యూ గ్రామానిది కాదు. మీ 620లో పక్కనున్న తండా జనాభా కలిసి ఉంటే విడదీసి చూస్తారు. అయితే 500 మీటర్ల లోపున్న ఆవాసాలను కలిపి లెక్కించే వీలుంది, అది మీకు కలిసొచ్చేది. రెండోది, అసలు పేచీ ఇక్కడే: రికార్డులో మీ ఊరు ఇప్పటికే "కనెక్టెడ్" అని పడి ఉండొచ్చు. అన్ని కాలాల్లో నడిచే రోడ్డు 500 మీటర్ల లోపల ఉంటే ఆ ఆవాసానికి రోడ్డున్నట్టే లెక్క. ఏనాడో వేరే వైపు నుంచి ఓ రోడ్డు వేసి ఉన్నా, పొరపాటున టిక్ పెట్టినా, జనాభా 2,000 ఉన్నా కొత్త రోడ్డు రాదు. ఈ పథకం ఆన్‌లైన్ వ్యవస్థ పేరు ఓమాస్. అందులో మీ ఆవాసం స్థితి ఏముందో ఏఈని అడిగి స్క్రీన్ మీద చూడండి. తప్పుంటే సరిచేయమని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు (ఈఈ) రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ సవరణ కాకుండా ఎన్ని అర్జీలు పెట్టినా దండగే.

భూమి కొనడానికి ఈ పథకంలో పైసా ఇవ్వరు. రోడ్డు మొత్తం వెడల్పు మైదానంలో 7.5 మీ., అందులో తారు 3.75 మీ., రాకపోకలు తక్కువైతే 3 మీ. పుంత సన్నగా ఉంటే మిగతా భూమి రైతులు ఇవ్వాలి లేదా రాష్ట్రం సేకరించాలి. నోటి మాట మీద ఒప్పుకున్న రైతు, ఎక్స్‌కవేటర్ చేలోకి దిగిన రోజున అడ్డం తిరగడం మామూలే. అందుకే సర్వే నంబరు, విస్తీర్ణంతో సంతకాలు ముందే తీసుకోవాలి.

వంతెన సంగతి. మూడు కిలోమీటర్లూ కొత్త రోడ్డుగా మంజూరైతే, ఆ రోడ్డు నడిచే గీత (అలైన్‌మెంట్) మీద పడే వంతెన కూడా నాలుగో దశలోకే వస్తుంది. మీకు అదే మంచి దారి. రోడ్డు ఇప్పటికే ఉండి వంతెన మాత్రమే కావాలంటే నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) వైపు చూడాలి. అక్కడ ఉన్నది 1995-96లో పెట్టిన గ్రామీణ మౌలిక వసతుల నిధి, అందరూ ఆర్‌ఐడీఎఫ్ అంటారు. ప్రాధాన్య రంగాలకు లక్ష్యం మేరకు అప్పులివ్వని బ్యాంకులు ఆ కొరతకు బదులు ఇందులో డిపాజిట్ చేస్తాయి, ఆ డబ్బే రాష్ట్రాలకు అప్పుగా వస్తుంది. రోడ్లు, వంతెనలకు అంచనా విలువలో 80 శాతం వరకు అప్పు. అంచనా 3 కోట్లనుకుంటే 2.40 కోట్లు నాబార్డుది, 60 లక్షలు రాష్ట్రానిది. అప్పులో 20 శాతం, అంటే 48 లక్షలు, మొదట్లో అడ్వాన్సుగా వస్తుంది. మిగతాది రాష్ట్రం ఖర్చు పెట్టి, లెక్క చూపి, తర్వాత రాబట్టుకోవాలి. ఖజానా ఇబ్బందుల్లో ఉన్నప్పుడు ఇక్కడే పని నడుం విరుగుతుంది. మంజూరు ఉత్తర్వు ఉంటుంది, కాంట్రాక్టర్ బిల్లు మాత్రం కదలదు. పాత బిల్లులు రానివాళ్ళు కొత్త టెండరు వేయరు. కాబట్టి మీ వంతెనకు టెండరు ఎన్నిసార్లు పిలిచారు, ఎందుకు ఎవరూ రాలేదు అని కూడా అడగాలి.

ఆర్‌ఐడీఎఫ్ ప్రతిపాదన ఊరి నుంచి నేరుగా నాబార్డుకు వెళ్ళదు. ఈఈ, ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు), ఈఎన్‌సీ (ఇంజనీర్ ఇన్ చీఫ్), ఆర్థిక శాఖ దాటుకుని వెళ్తుంది. ఎమ్మెల్యే సిఫార్సు పనికొచ్చేది ఈఎన్‌సీ జాబితాలో పేరు ఎక్కించేటప్పుడు. సేతు బంధన్ (వంతెనల పథకం), సీఆర్‌ఐఎఫ్ (కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధి) పేర్లు కూడా వినే ఉంటారు. అవి పెట్రోలు, డీజిల్ సెస్సుతో నడుస్తాయి. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రహదారుల స్థాయి పనులకే, ఊరి బాటకు కాదు. వాటి కోసం తిరగకండి.

వంతెన అంచనా ఎక్కడ చెడుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే డబ్బు వచ్చాక ఆగిపోయిన వంతెనల్లో ఎక్కువ భాగం కాగితం మీదే చెడి ఉంటాయి. గరిష్ఠ వరద మట్టం సరిగ్గా తీసుకోవాలి. వాగు ఎండిన వేసవిలో సర్వేకొచ్చిన మనిషి గట్టు మీద గడ్డి చూసి ఒక అంకె రాసేస్తే, అది మీటరు తక్కువైనా వరద స్లాబును తాకుతుంది. సెకనుకు 30 నుంచి 300 ఘనపు మీటర్ల నీరు వచ్చే వాగుకు, వరద మట్టానికీ స్లాబు అడుగుకూ మధ్య కనీసం 900 మి.మీ. ఖాళీ ఉండాలి. అలాగని ఎక్కువ రాసినా చిక్కే. మైదానంలో వాలు 30కి 1. స్లాబు ఒక మీటరు లేస్తే వంతెన మీదికి ఎక్కే అప్రోచ్ రోడ్డు రెండు వైపులా చెరో 30 మీటర్లు పొడుగవుతుంది. మూడు మీటర్లు లేస్తే 90. ఆ అప్రోచ్ కట్ట ఎత్తు 3 మీటర్లున్నచోట, పైన వెడల్పు 7.5, రెండు పక్కలా 2:1 వాలు అనుకుంటే, అడుగున 19.5 మీటర్లు కావాలి. పుంత 10 మీటర్లే ఉందనుకోండి, మిగతా తొమ్మిదిన్నర మీటర్లు ఎవరి చేలోంచి? వంతెన పూర్తయి, అటూ ఇటూ ఎక్కే దారి లేక గాల్లో నిలబడి ఉండటానికి కారణం సిమెంటు కాదు, ఈ తొమ్మిదిన్నర మీటర్లు.

ఖర్చు తగ్గుతుందని 35 మీటర్ల వాగును 20 మీటర్లకు కుదించే ఎస్టిమేట్ చూస్తే ఒప్పుకోవద్దు. నీటి దారి బిగిస్తే వేగం పెరుగుతుంది, పునాది కింద ఇసుక కోసుకుపోతుంది, లేదంటే అప్రోచ్ కట్ట తెగుతుంది. స్తంభాల దగ్గర కోత లోతును సగటు కోతకు రెండింతలుగా, అబట్‌మెంటు (వంతెన కొసలో ఒడ్డున ఉండే ఆధార గోడ) దగ్గర 1.27 రెట్లుగా లెక్కేస్తారు. పునాది అంతకన్నా కిందికి దిగాలి. అందుకే ప్రతి అబట్‌మెంటు దగ్గర, ప్రతి స్తంభం దగ్గర బోరు వేసి మట్టి చూడాలి. ఒక్క గొయ్యి తీసి "రాయి తగిలింది" అని రాసి టెండరు పిలిస్తే, పనిలో దిగాక రాయి ఇంకా లోతులో దొరుకుతుంది, అంచనా పెరుగుతుంది, సవరించిన పరిపాలనా అనుమతి కోసం ఫైలు సచివాలయానికి పోతుంది. ఆ వానాకాలం అయిపోయినట్టే. చప్టా మీదే కొత్తగా తూములు వేసి సరిపెడతామంటారు కూడా. కొట్టుకొచ్చిన చెట్ల కొమ్మలు తూము నోట్లో ఇరుక్కుంటే నీళ్ళు పైనుంచే పారతాయి, మళ్ళీ మొదటికే.

ఊళ్ళో సీసీ రోడ్లకు ఉపాధి హామీ మెటీరియల్ నిధులే పెద్ద ఆసరా. తారు రోడ్డు ఇందులో కుదరదు. కూలీ, సామగ్రి నిష్పత్తి జిల్లా మొత్తం మీద 60:40. జిల్లాలో కూలీకి 60 కోట్లు ఖర్చయితేనే సామగ్రికి 40 కోట్లు దొరుకుతాయి. అంటే పని దినాలు తగ్గిన ఏడాది సీసీ రోడ్లూ తగ్గుతాయి. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ చట్టం చేసింది. 100 రోజుల హామీ 125 అయింది, కేంద్ర, రాష్ట్ర వాటాలు 60:40 అయ్యాయి. కాబట్టి పాత సర్క్యులర్ పట్టుకుని వాదించకుండా, ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాలేవో ఎంపీడీవో ఆఫీసులో చూడండి. ఏదైనా సరే, పని పంచాయతీ ప్లాన్‌లో ఉండాలి. పక్క కాలువ లేకుండా సీసీ రోడ్డు వేయనివ్వద్దు. మొదటి రోజు జాయింట్లు కోయకపోతే రోడ్డు తనంతట తానే, తనకిష్టమొచ్చిన చోట పగులుతుంది.

ఆర్థిక సంఘం నిధులతో రోడ్డు అనుకునేవాళ్ళకు ఒక మాట. 15వ సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. మిగిలిన 40 శాతంలోనే ఏదైనా చేసుకోవాల్సి వచ్చింది. కల్వర్టు మరమ్మతుకు సరిపోవచ్చు, వంతెనకు కాదు. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, నియోజకవర్గం మొత్తానికి. అందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ నివాసాలకు ఖర్చు పెట్టాలని నియమం ఉంది, మీ వాగు అవతల అలాంటి కాలనీ ఉంటే ఆ ముక్క అర్జీలో రాయండి. చుట్టుపక్కల గనులుంటే జిల్లా ఖనిజ నిధి కలెక్టర్ దగ్గర ఉంటుంది, లారీలు పాడుచేసిన రోడ్డుకు అది అడగదగ్గదే.

బాటలో కొంత అడవి ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూడండి. ఒక హెక్టారు లోపు భూమికి, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, గ్రామ సభ సిఫార్సు మీద రోడ్డుకు అనుమతి దొరుకుతుంది. 6 మీటర్ల వెడల్పుతో లెక్కేస్తే హెక్టారంటే 1,666 మీటర్లు. అంతకు మించితే పరివేష్ పోర్టల్‌లో అటవీ అనుమతి, అది ఎక్కువ కాలం పడుతుంది. చెంచు, కొండరెడ్డి, కొలాం లాంటి ఆదిమ గిరిజన ఆవాసాలయితే వాళ్ళ కోసం పెట్టిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో 100 జనాభాకే రోడ్డు ఇచ్చేలా నియమం పెట్టారు, అది ఇప్పుడు అమల్లో ఉందేమో ముందు చూడండి.

కాబట్టి మీ తర్వాతి అర్జీ రెండు కాగితాలుగా ఉండాలి. రోడ్డుది ఈఈ, పీఆర్‌కి: ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, ప్లాన్‌లోని నంబరు, ఆవాసం జనాభా, ఓమాస్‌లో స్థితి, రైతుల సమ్మతి పత్రాలు, గ్రామ సభ తీర్మానం నకలు. వంతెనది విడిగా: వాగు వెడల్పు, ఏటా ఎన్ని రోజులు దారి ఆగిపోతుంది, అవతల బడి, ఆసుపత్రి ఎంత దూరం, చుట్టు దారి ఎన్ని కిలోమీటర్లు. రెండిటికీ రశీదు తీసుకోండి. నెల తర్వాత సమాచార హక్కు కింద ఒక్కటే అడగండి: ఎస్టిమేట్ ఏ తేదీన ఎవరికి పంపారు, దాని మీద వచ్చిన అభ్యంతరాల నకలు. ఆ నకలు చేతికొస్తే ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది.

వరద మట్టం పని మాత్రం ఏఈ కోసం ఆగకుండా మీరే చేయొచ్చు. ఈ వానల్లో వాగు పూర్తిగా పొంగిన రోజున, నీళ్ళు తగ్గాక చెట్టు మొదట్లోనో గుడి గోడ మీదో మిగిలిన బురద గీత దగ్గర పెయింటుతో అడ్డగీత గీసి, తేదీ రాసి, టేపు పెట్టి ఫోటో తీయండి. వంతెన కట్టే చోటు నుంచి వాగు ఎగువన ఒకటి, దిగువన ఒకటి కూడా పెట్టండి. ఊళ్ళో 70 దాటిన వాళ్ళు ముగ్గురిని విడివిడిగా "మీకు తెలిసి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి" అని అడిగి, వాళ్ళు చూపించిన చోట్లా గీత పెట్టండి.