‘సారీ’ చెప్పి మరీ కొట్టాడు

ప్రశ్న: నేను ప్రీస్కూల్ టీచర్‌ని. తరగతిలో 18 మంది, అందరూ మూడున్నర, నాలుగేళ్ల పిల్లలే. ఒక బాబు రోజూ ఎవరినో ఒకరిని కొడుతున్నాడు, తోస్తున్నాడు. మూలన కూర్చోబెట్టాను, నక్షత్రాల చార్టు పెట్టాను, ప్రతిసారీ సారీ చెప్పిస్తున్నాను. వారం బాగుంటాడు, మళ్లీ మామూలే. మిగతా పిల్లల తల్లులు నిలదీస్తున్నారు. శిక్షణలో మాకు ‘సానుకూల క్రమశిక్షణ’ పాటించమని చెప్పారు. కొట్టిన పిల్లవాడిని బుజ్జగించడమేనా దాని అర్థం?

జవాబు: అమ్మా, ముందు సారీ సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ మీలాగే ప్రతి దెబ్బకూ సారీ చెప్పించేదాన్ని. ఒకరోజు మా తరగతిలో ఒక పిల్లవాడు ఎర్ర సైకిల్ మీద కూర్చున్న పాప దగ్గరికి వెళ్లి, ఎంతో మర్యాదగా ‘సారీ’ అన్నాడు. అని, ఆ తర్వాత కొట్టాడు. వాడి లెక్కలో తప్పేమీ లేదు. సారీ అంటే కొట్టినందుకు కట్టే రుసుము అని నేర్పింది నేనే. వాడు ముందుగా కట్టేశాడు, అంతే. ఆ రోజు నుంచి నేను ఎవరి చేతా సారీ చెప్పించలేదు.

మీరడిగిన దానికి జవాబు: కాదు, బుజ్జగించడం కాదు. ఈ ఆలోచనకు మూలపురుషుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870-1937) అనే ఆస్ట్రియా వైద్యుడు. ఆయన బాటలో నడిచిన రుడాల్ఫ్ డ్రైకర్స్ (1897-1972) దాన్ని తరగతి గదికి తీసుకొచ్చాడు. గారాబమూ వద్దు, గద్దింపూ వద్దు, మర్యాదా గట్టిదనమూ ఒకే మాటలో ఉండాలన్నది వారి పద్ధతి. దారి తప్పి ప్రవర్తించే పిల్లవాడు లోపల నిరుత్సాహపడి ఉంటాడని డ్రైకర్స్ అంటాడు. ఈ గుంపులో తనకూ చోటుందని అనిపించుకోవడానికి అందరూ తననే చూడాలనుకుంటాడు, తన మాటే నెగ్గాలనుకుంటాడు, నొప్పించినవారిని నొప్పించాలనుకుంటాడు, లేదా నావల్ల కాదని చేతులెత్తేస్తాడు. ప్రతి పిల్లవాడినీ ఈ నాలుగు గళ్లలో ఎక్కడో ఒకచోట ఇరికించడం నాకు మాత్రం అంతగా రుచించదు. నాలుగేళ్లవాడు చెయ్యి చేసుకోవడానికి చాలాసార్లు ఇంకా చిన్న కారణం ఉంటుంది. నిద్ర చాలలేదు. మాట అందలేదు. కట్టిన బ్లాకుల గోపురం ఎవరో కూల్చేశారు.

అందుకే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఐదు రోజుల పాటు ప్రతి దెబ్బకూ మూడు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు నిమిషంలో ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దక్కింది. నేను ఒక పిల్లవాడి గురించి ఇలా రాస్తే 14 దెబ్బలు తేలాయి. అందులో 11 ఒకే వేళకు పడ్డాయి: ఆట ముగించి, బొమ్మలు సర్ది, చేతులు కడగడానికి వరుసలో నిలబడే వేళకు. నిజానికి ఆ వరుస నా చేతకానితనం. ఒక్క కుళాయి దగ్గర అంతమందినీ నిలబెట్టాను. చివర ఉన్నవాడికి దాదాపు పది నిమిషాలు ముందువాడి వీపు చూడడం తప్ప పని లేదు. వరుస ఎత్తేసి నలుగురు నలుగురిని పిలవడం మొదలుపెట్టాను. మిగతావారు పాట పాడుకునేవారు. ఆట ఆపడానికి ఐదు నిమిషాల ముందే వాడి పక్కన కూర్చుని ‘ఇంకో గోడ కట్టు, తర్వాత బుట్ట నువ్వే మోయాలి’ అని చెప్పేదాన్ని. దెబ్బలు మొత్తంగా పోలేదు కానీ, వారానికి రెండు మూడుకు దిగాయి. పిల్లవాడిలో నేను మార్చిందేమీ లేదు.

ఇక చెయ్యి లేచిన క్షణం. దెబ్బ తిన్న పిల్ల దగ్గరికి ముందు వెళ్లండి. కొట్టినవాడి వైపు ముందు పరుగెత్తితే, కొడితే టీచర్ వస్తుందని తరగతి మొత్తం నేర్చుకుంటుంది. తర్వాత వాడి ఎత్తుకు వంగి, చెయ్యి పట్టుకుని రెండే మాటలు చెప్పండి: ‘కోపం వచ్చింది. కొట్టనివ్వను.’ అంతకు మించి వాడికి ఆ సమయంలో ఎక్కదు. ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది, మనం నాలుగేళ్లకే ఉపన్యాసం మొదలుపెడతాం. కోపానికి పేరు పెట్టడం చాదస్తం కాదు. పెద్దవాళ్ల మీద 2007లో అచ్చయిన ఒక మెదడు పరిశోధనలో, ముఖాల ఫొటోలు చూసి అందులోని భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గడం కనిపించింది.

నేర్పడం మర్నాడు, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడు. రెండు చేతిబొమ్మలు తీసుకుని బ్లాకు కోసం పోట్లాడించండి. ‘ఇప్పుడు ఈ బొమ్మ ఏమనాలి?’ అని పిల్లలనే అడగండి. అరచెయ్యి ముందుకు చాపి ‘ఆగు, అది నాది’ అని గట్టిగా అనడం రోజూ ఆటలా చేయించండి. మీ బాబుకే కాదు, తన్నులు తినే పిల్లకూ అది అవసరం. సారీకి బదులు పని ఇవ్వండి: కూలిన గోపురం మళ్లీ కట్టడానికి సాయం, దెబ్బకు తడిగుడ్డ తేవడం.

నక్షత్రాల చార్టు తీసేయమని నా సలహా. 1973 నాటి ఒక ప్రయోగంలో, రంగు పెన్నులతో బొమ్మలు గీయడం ఎంతో ఇష్టమైన 3-5 ఏళ్ల పిల్లలకు ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే ఆశ పెట్టారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ఆశ పెట్టని పిల్లలతో పోలిస్తే వాళ్లు ఆ పెన్నులతో గడిపిన సమయం దాదాపు సగమే. ఇష్టమైన పనికే ఆ గతి పట్టింది.

మూల మాత్రం ఉంచండి. మెత్తటి దిండు వేసి, శిక్షగా కాకుండా ఎవరైనా వెళ్లి కూర్చునే చోటు చేయండి. కోపం వచ్చిన రోజు మీరూ వెళ్లి కూర్చోండి. నేను కూర్చుంటే ఒక పాప వచ్చి, ‘టీచర్, అయిపోయిందా?’ అని అడిగింది. ఇంకా లేదన్నాను. తన దిండు కూడా ఇచ్చి వెళ్లింది.

తల్లులకు ఆ బాబు కథ చెప్పకండి. మీ పాపను కాపాడడానికి నేను ఫలానా పని చేస్తున్నాను అని మాత్రం చెప్పండి.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. బడిలో ఏడిస్తే టీచర్ ‘ఏడవకు, మంచిపిల్లవు కదా’ అంటారట. ఇంటికొచ్చి తన బొమ్మకూ అదే చెబుతోంది. పట్టించుకోవాలా?

జవాబు: టీచర్ మీద కోపం వద్దు, మనలో చాలామందిని అలాగే పెంచారు. ఈసారి ఆ బొమ్మను మీరు ఒళ్లోకి తీసుకుని ‘ఎందుకమ్మా ఏడుపొచ్చింది?’ అని అడగండి. బొమ్మ తరఫున పాపే జవాబు చెబుతుంది. అది విన్నాక టీచర్‌తో మాట్లాడండి. బడి వదిలే హడావిడిలో మాత్రం వద్దు, విడిగా సమయం అడిగి వెళ్లండి.