చప్పుడు లేని ఇన్వర్టర్‌ను ఎంచుకునే పద్ధతి: అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కరెంటు పోయినప్పుడు ఇల్లు నడిచేందుకు ఏదైనా ఏర్పాటు చేసుకోవాలనీ, అది చంటిబిడ్డ నిద్ర చెడగొట్టనిదై ఉండాలనీ రాసిన నీ ఉత్తరం అందింది. ఎన్ని గంటలు వస్తుందని అందరూ అడుగుతారు గానీ, ఎంత చప్పుడు చేస్తుందని కొనకముందే అడిగేవారు తక్కువ. ఈ పనిలో చాలాకాలం ఉన్నవాడిగా నా అభిప్రాయం మొదటే చెబుతాను. తన సామర్థ్యంలో సగంతోనే ఇంటి అవసరం తీర్చగలిగి, గాలి ఆడే చోట, పడకగది గోడకు తగలకుండా ఉన్న యంత్రమే నిశ్శబ్దంగా ఉంటుంది. ఎంత మంచి కంపెనీదైనా, ఇరుకు అల్మరాలో బిగించి నిండా లోడు వేస్తే రొద చేయక తప్పదు.

జనరేటర్ విషయం ముందుగా తేల్చేద్దాం. సైలెంట్ అని అమ్మేవాటిలోనూ ఉండేది ఇంజనే. వాటి కాగితాల మీద 50, 60 డెసిబెల్స్ అని ఉంటుంది; ఆ కొలత చాలావరకు 7 మీటర్ల దూరంలో, పావు వంతు లోడు మీద తీసుకున్నది. నిండు లోడుతో కిటికీ పక్కన పెడితే ఆ అంకెకు అర్థం ఉండదు. డెసిబెల్స్ 10 పెరిగితే చెవికి ఇంచుమించు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. నిద్రించే గదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో సూచించింది. పైగా జనరేటర్ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కనుక, మోత వినపడకూడదని దాన్ని గదిలోనో మూసి ఉన్న వసారాలోనో పెట్టడం ప్రాణాంతకం. రోజుల తరబడి కరెంటు రాని పరిస్థితి ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

ఇక మిగిలింది ఇన్వర్టర్, బ్యాటరీ. వీటిలో శబ్దం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్లే. మొదటిది లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చేసే గుయ్‌మనే మోత. కరెంటు దిశ మారినప్పుడల్లా దానిలోని ఇనుప రేకులు అతి సూక్ష్మంగా సాగి ముడుచుకుంటాయి. 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట ఆ కదలిక సెకనుకు 100 సార్లు జరిగి సన్నని రొదగా వినిపిస్తుంది. రెండోది వేడి తగ్గించే చిన్న ఫ్యాను. మూడోదాన్ని చాలామంది ఇన్వర్టర్ ఖాతాలో వేయరు: అది ఇంట్లోని సీలింగ్ ఫ్యాన్ల మూలుగు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నునుపైన అల మాదిరిగా కాక మెట్లుమెట్లుగా ఉంటుంది కాబట్టి, మామూలు ఫ్యాను మోటారు దాని మీద మూలుగుతుంది, వేడెక్కుతుంది కూడా. ఇన్వర్టర్ ఎక్కడో వరండాలో ఉన్నా, శబ్దం మాత్రం బిడ్డ పడుకున్న మంచం పైనుంచే వస్తుంది. అందువల్ల ప్యూర్ సైన్ వేవ్, అంటే నునుపైన అల, అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకో. "మాడిఫైడ్ సైన్ వేవ్" అనే మాట చూసి మోసపోవద్దు. పేరులో సైన్ ఉన్నా అది మెట్ల అలే.

ఎంత పెద్దది కావాలో తేల్చడానికి కాగితం తీసుకుని, కరెంటు లేనప్పుడు నిజంగా నడవవలసిన వస్తువులను మాత్రమే రాయి. ఉదాహరణకు 9 వాట్ల బల్బులు నాలుగు, 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 60 వాట్ల ల్యాప్‌టాప్, 12 వాట్ల రూటర్ కలిపితే సుమారు 260 వాట్లు. ఇన్వర్టర్ మీద సామర్థ్యంగా రాసే వీఏ (వోల్ట్ ఆంపియర్) అంకె వాట్లు కాదు. మామూలుగా అందులో నాలుగింట మూడు వంతుల నుంచి అయిదింట నాలుగు వంతుల వరకే వాట్లుగా లెక్కించాలి. ఈ లోడుకు 400 వీఏ యంత్రం లెక్క ప్రకారం సరిపోతుంది గానీ, ఎప్పుడూ అంచుల మీద నడుస్తూ ఫ్యాను ఆపదు. 800, 900 వీఏది తీసుకుంటే అదే పనిని చల్లగా చేసుకుపోతుంది. ఫ్రిజ్, నీటి మోటారు వంటివి మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతాయి కనుక, వాటిని ఈ జాబితాలో చేర్చకపోవడమే మేలు. అంతకన్నా లాభసాటి పని ఇంకొకటుంది: పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారువి) పెడితే పై లోడు 170 వాట్లకు దిగుతుంది, గదిలో రొద కూడా తగ్గుతుంది. నన్నడిగితే ఇన్వర్టర్ కన్నా ముందు ఫ్యాన్లే మార్చమంటాను.

ఇన్వర్టర్ మీది అంకెలాగే బ్యాటరీ మీది అంకెనూ పూర్తిగా నమ్మరాదు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో (ఇళ్లలో మామూలుగా వాడే, నీళ్లు పోసే సీసపు బ్యాటరీ) కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి. ఆ కొలత 20 గంటలపాటు నింపాదిగా వాడితే వచ్చేది. అది నాలుగు కాలాలు మన్నాలంటే రోజూ సగానికి మించి ఖాళీ చేయకూడదు. ఇన్వర్టర్‌లో అయిదో వంతు వృథా అవుతుందనుకుంటే, చేతికి దక్కేది సుమారు 720 వాట్ అవర్లు. మన 260 వాట్ల లోడుకు అది మూడు గంటల లోపే, ఫ్యాన్లు మారిస్తే నాలుగు గంటల పైన. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని అయిదింట నాలుగు వంతుల వరకు నిస్సంకోచంగా వాడుకోవచ్చు కాబట్టి, 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ నుంచే, ఇన్వర్టర్ వృథా పోను, 800 వాట్ అవర్లకు పైగా వస్తుంది. ఖరీదు ఎక్కువే అయినా నీళ్లు పోసే పని, ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్ వాయువు బెడద ఉండవు. ఇంట్లో పెట్టుకునేదానికి నేను దీనివైపే మొగ్గుతాను. అయితే ఇన్వర్టర్‌లో లిథియం ఛార్జింగ్ అమరిక ఉండి తీరాలి.

చాలామంది గమనించని సంగతి ఒకటి చెబుతాను. ఎక్కువ ఇన్వర్టర్లు గట్టిగా మోగేది కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చాక. ఖాళీ అయిన బ్యాటరీని నింపడానికి ఛార్జర్ నిండు బలంతో పనిచేస్తూ గంటల తరబడి ట్రాన్స్‌ఫార్మర్‌నూ ఫ్యానునూ మోగిస్తుంది. కనుక కొనేచోట ఉత్తినే ఆన్ చేసి చూపిస్తే తృప్తిపడక, సగానికి పైగా లోడు వేయించి కొంతసేపు విను. తర్వాత కొంత ఖాళీ అయిన బ్యాటరీని ఛార్జింగులో పెట్టించి మళ్లీ విను. ఇన్వర్టర్ పెట్టె పైభాగాన అరచేయి ఆనించి చూడు, అదురు చేతికి తెలిస్తే రేపు అది నీ గోడకూ తెలుస్తుంది. ఛార్జింగ్ కరెంటును తగ్గించే స్విచ్ ఉందో లేదో, బ్యాటరీ తగ్గినప్పుడు అరిచే బీప్‌ను ఆపే వీలుందో లేదో కూడా అడుగు. నడిరాత్రి ఆ బీప్ ముందు మిగతా శబ్దాలన్నీ ఏపాటివి!

దాన్ని పడకగదితో ఉమ్మడి గోడ ఉన్నచోట పెట్టవద్దు, గోడకు వేలాడదీయవద్దు. నేల మీద రబ్బరు దిమ్మెల పైన నిలిపి, నాలుగు వైపులా జానెడు ఖాళీ వదిలితే చాలు. దూరంగా పెట్టడం కోసం ఇన్వర్టర్‌ను ఒకచోట, బ్యాటరీని మరొకచోట ఉంచి మధ్య పొడవైన తీగ లాగే ఆలోచన చేయకు. 12 వోల్టుల వద్ద 600 వాట్లకు 50 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది, తీగ పొడవయ్యే కొద్దీ వోల్టేజి పడిపోయి తీగ వేడెక్కుతుంది. రెంటినీ కలిపే దూరంగా జరిపి, ఇన్వర్టర్ నుంచి ఇంటికి వచ్చే వైరునే పొడిగించాలి.

రూటర్, ల్యాప్‌టాప్ మాత్రమే నడిస్తే చాలనుకుంటే, ఇదంతా అక్కరలేకుండా చిన్న పోర్టబుల్ పవర్ స్టేషన్ (బ్యాటరీ, ఇన్వర్టర్ ఒకే పెట్టెలో ఉండేది) సరిపోతుంది. తక్కువ లోడు మీద వాటి ఫ్యాను అరుదుగానే తిరుగుతుంది. కంప్యూటర్ల కోసం వాడే ఆన్‌లైన్ రకం యూపీఎస్ మాత్రం వద్దు. అది కరెంటు ఉన్నా లేకపోయినా ఎప్పుడూ పనిలోనే ఉంటుంది, దాని ఫ్యానూ అంతే.

వైరింగ్ మార్చే రోజున ఎలక్ట్రీషియన్ చేత ఇన్వర్టర్ లైనును వేరు చేయించి, గీజర్, ఏసీ ప్లగ్గులు అందులో కలవలేదని నీ ఎదుటే పరీక్ష చేయించు. ఈలోగా వస్తువుల జాబితాను వాట్లతో సహా, ఇంటి గదుల నమూనాను చేత్తో గీసి పంపితే, ఎంత సామర్థ్యం కావాలో, ఎక్కడ పెట్టాలో లెక్క చూసి రాస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న