మహేంద్రగిరి వెళ్ళండి, కానీ ముఖలింగం చూశాకే

ప్రశ్న: ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో కుటుంబంతో కారులో వెళ్ళి రాగలిగే, పెద్దగా జనానికి తెలియని పాత గుడి ఏదైనా ఉందా? రోడ్డు ఎలా ఉంటుంది?

ఉంది, మహేంద్రగిరి కొండ మీద. రోడ్డు సంగతి చివర్లో చెప్తాను, అది అంత పెద్ద విషయం కాదు.

మాది పర్లాకిమిడి. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ. నా చిన్నప్పుడు మాది గంజాం జిల్లా, 1992లో గజపతి జిల్లా అయింది. మహేంద్రగిరి మా జిల్లాలోదే, ఎత్తు 1501 మీటర్లు. పైన భీముడి గుడి, యుధిష్ఠిరుడి గుడి, కుంతి గుడి ఉన్నాయి. విశాఖ నుంచీ శ్రీకాకుళం నుంచీ మా ఇంటికొచ్చే చుట్టాల్ని అక్కడికి తీసుకెళ్ళడం నాకు అలవాటు. దిగేటప్పుడు దాదాపు అందరూ అనేది ఒక్కటే: "మంచు బలే ఉంది!" వెయ్యేళ్ళ పైబడిన గుళ్ళు చూపిస్తే మంచు బాగుందట. అది చూడ్డానికైతే లంబసింగి వెళ్ళొచ్చు కదా.

వాళ్ళందరిలో గుడిని గుడిలా చూసింది మా మావయ్య ఒక్కడే. ఆయన టెక్కలి నీలం రాయి క్వారీల్లో మేస్త్రీగా పనిచేసి మానేశాడు. కార్తీక మాసంలో ఆయన్నీ, బావ పిల్లల్నీ తీసుకుని బయల్దేరాం. బండి బావదే. దార్లో ఎవరో "రాయగడ మీదుగా పొండి" అన్నారని బావ ఫోన్లో రాయగడ అని కొట్టాడు. అది మమ్మల్ని గుణుపురం వైపు తిప్పబోయింది. మా జిల్లాలో రాయగడ అని ఒక బ్లాకు (మీ మండలం లాంటిది) ఉంది, దూరంగా ఇంకో జిల్లాకి ఆ పేరే ఉంది. ఫోనుకి పెద్దదే తెలుసు. ఇక్కడ ఫోన్ని నమ్మకండి, ఊరివాళ్ళని అడగండి. తెలుగు, ఒడియా ఏదో ఒకటి పనిచేస్తుంది. సవర పల్లెల్లో కూడా ఎవరో ఒకరు దారి చెప్తారు.

భీముడి గుడి చిన్నది. మన ఊళ్ళో పోలేరమ్మ గుడి అంత ఉంటుందేమో. కానీ రాళ్ళు ఒక్కొక్కటీ చూస్తే గుండె ఆగుతుంది. అక్కడ ట్రాక్ సూట్ వేసుకున్న ఒకాయన మా పిల్లలకి "ఇవన్నీ భీముడు ఒంటి చేత్తో పెట్టినవి" అని చెప్తున్నాడు. మావయ్యకి కోపం వచ్చేసింది.

"భీముడు పెడితే మరి మేస్త్రీలేటి చేశారు బాబూ?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. మావయ్య ఊరుకోలేదు. చెప్పులు విడిచి, చల్లటి రాతి మీద వట్టి కాళ్ళతో గుడి చుట్టూ తిరిగాడు. రాయికీ రాయికీ మధ్య గోరు పెట్టి గీశాడు. ఒకచోట ఆగి అరచేత్తో తట్టి చూశాడు, క్వారీలో బ్లాకు పగులు ఉందో లేదో తట్టి చూసినట్టే.

"ఇది ఈ కొండ రాయే. కిందనుంచి మొయ్యలేదు. ఇక్కడే ఉలితో కొట్టి, మట్టి గట్టు పోసి, దుంగల మీద దొర్లించి ఎక్కించారు. పై రాయి పెట్టేటప్పుడు ఒక్క దుంగ జారిందనుకో, కింద ఉన్నోళ్ళు పోతారు. ఎంతమంది పోయారో!"

"నాన్నా, నువ్వు చూసొచ్చినట్టు చెప్తన్నావు" అన్నాడు బావ.

"క్రేన్ కింద నిలబడి పనిచేసినోణ్ణి. నాకు చెప్తావేటి?"

పిల్లలు ఆ తర్వాత భీముడి మాట ఎత్తలేదు. గట్టు ఎటువైపు నుంచి పోసుంటారో వెతుకుతూ తిరిగారు.

నా బాధ కూడా ఇదే. పాత రాతి గుడి కనిపిస్తే చాలు, పాండవులు కట్టారనేస్తాం. భక్తికి అడ్డం చెప్పను. కానీ ఈ కొండకి అసలు యజమానులు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజులు. వాళ్ళ పాత రాగి శాసనాలు చాలావాటిలో రాజు పేరు కంటే ముందు వచ్చేది మహేంద్ర పర్వత శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి. రాజధాని కళింగనగరం కింద వంశధార ఒడ్డున, అంటే శ్రీకాకుళం జిల్లాలోని ఇప్పటి శ్రీముఖలింగం. అక్కడి శాసనాల్ని సొంతంగా చదవడం నేర్చుకుని వ్యాసాలు రాసినాయన మా ఊళ్ళో బడిపంతులుగా చేసిన గిడుగు రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం పోరాడారని అందరూ చెప్తారు, ఈ పని గురించి ఒక్కరూ చెప్పరు. ఇదే వంశంలోని అనంతవర్మ చోడగంగ దేవుడు 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథుడి గుడి కట్టించాడు, రాజధాని కటకం (ఇప్పటి కటక్) వైపు పోయింది, ఇటు మనం మర్చిపోయాం.

ఇంకో సంగతి. ఆ కొండ మీద రాజేంద్ర చోళుడి విజయ శాసనం ఉంది. దాని మీద చోళుల పులి, పక్కన పాండ్యుల జంట చేపలు. తమిళదేశం నుంచి దండెత్తి వచ్చినవాళ్ళు ఇంత దూరం ఎక్కి పేరు చెక్కించుకున్నారు. దగ్గర్లోనే ఉన్న పలాస వాళ్ళకి మాత్రం తీరిక ఉండదు.

అందుకే నా లెక్కలో ముఖలింగం చూడకుండా మహేంద్రగిరి వెళ్ళడం సగం యాత్ర. ముందు ముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి చూడండి, అక్కడి శిల్పాలు నిదానంగా చూడండి. ఆ రాత్రి పర్లాకిమిడిలో ఉండి తెల్లారగానే కొండెక్కండి. టిఫిన్‌కి మా బజార్లో మురీ (మరమరాలు), ఘుగుని (బఠాణీ కూర) తినండి, పైన ఏమీ దొరకదనుకునే వెళ్ళండి. నీళ్ళు తీసుకెళ్ళండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి. యుధిష్ఠిరుడి గుడి వెనక ప్లాస్టిక్ చూస్తే నాకు తిట్లు వస్తాయి. శివరాత్రికి మాత్రం పిల్లల్తో వద్దు, జనం కిటకిటలాడిపోతారు.

ఇక రోడ్డు. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి దాకా ఇబ్బంది లేదు. అక్కణ్ణుంచి కొయిన్‌పూర్, ఆ తర్వాత ఘాట్. గుళ్ళకి దగ్గర దాకా కారు పోతుంది, మిగిలింది నడక, మెట్లు. వానాకాలం మానుకోండి. మధ్యాహ్నం దాటాక మంచు దిగితే ముందు మలుపు కనిపించదు, అందుకని పెందలాడే దిగిపోండి. ఘాట్ అలవాటు లేనివాళ్ళు పర్లాకిమిడిలోనే జీపు మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. బేరం ఆడాలి, మొదట చెప్పిన రేటు ఒప్పుకోకండి.