క్లిప్పు పట్టే పన్నులో సిమెంటు నిలవట్లేదా?

తమ్ముడూ, తీసిపెట్టే పళ్ల సెట్టు క్లిప్పు పట్టే దవడ పన్నులోనే మీ అమ్మకు ఆరు నెలల్లో రెండుసార్లు సిమెంటు ఊడిందని రాశావు కదా. అక్కడ పెట్టింది తెల్ల సిమెంటు, అంటే గ్లాస్ అయనోమర్ అయితే ఊడటంలో ఆశ్చర్యం లేదు. అది పన్నుకు బాగానే అతుక్కుంటుంది కానీ వంగే ఒత్తిడికి 20, 30 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) దగ్గరే పగులుతుంది, మంచి కాంపోజిట్, అంటే పన్ను రంగు రెజిన్ ఫిల్లింగ్, దాదాపు 100 ఓర్చుకుంటుంది. సెట్టుకు రెస్ట్ ఉంటే, అంటే పన్ను మీద ఆనే చిన్న లోహపు కాలు ఉంటే, నమిలిన ప్రతిసారీ బరువు అక్కడే దిగుతుంది, పైగా దానికోసం పన్నులో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల గుంట తీస్తారు కాబట్టి కింద మిగిలే ఫిల్లింగ్ పల్చబడుతుంది.

పన్నులో పాడైన భాగం చిన్నదైతే కాంపోజిట్ చాలు. వెండి ఫిల్లింగ్ కూడా గట్టిదే, కానీ పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుంది, ఆ రోజు అటువైపు నమలొద్దు. పన్ను సగం పోయి ఉంటే మాత్రం క్యాపే నయం, అయితే ఉన్న సెట్టు క్లిప్పుకు సరిపోయేలా చేయమని ముందే చెప్పు, సెట్టు వెంట తీసుకెళ్లు.

మీది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు అన్నావు, అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కదా, అమ్మ పళ్ల మీద ఫ్లోరైడ్ గార మచ్చలుంటే డాక్టరుకు చూపించు, అలాంటి ఎనామెల్‌కు, అంటే పన్ను పైపొరకు, కాంపోజిట్ అంత తేలిగ్గా పట్టదు. సెట్టు ఒకవైపు క్లిప్పు పట్టి లాగకుండా రెండువైపులా సమానంగా తీయమను.