లతీను పాట మొదలవగానే సంఘస్తులు మౌనమైపోతున్నారా? ఇలా చేయండి

కతోలిక పూజలో లతీను పాటకు మీ సంఘస్తులు గొంతు కలపడం లేదని రాశారు. మీ గాయక బృందం ‘మిస్సా దె ఆంజెలిస్’ (పూజలో పాడే లతీను పాటల వరుసల్లో ఒకటి) మొత్తాన్ని ఒకే ఆదివారం ఎత్తుకుందన్నారు, చిక్కంతా అక్కడే. అందులో స్వరాలు బాగా పైకి వెళ్తాయి, కొత్తవాళ్ళకు అందవు. 1974లో ఆరవ పౌలు పోపుగారు వెలువరించిన ‘యూబిలాతే దేయో’ అనే సులువైన లతీను పాటల పుస్తకంతో మొదలుపెట్టండి. ముందు పద్దెనిమిదో పూజ పాటల వరుసలోని ‘ఆన్యుస్ దేయి’ (‘దేవుని గొర్రెపిల్ల’ పాట): మూడుసార్లూ దాదాపు అదే రాగం, స్వరాలూ కొన్నే. నాలుగైదు వారాలు అదొక్కటే పాడించండి, తొందరొద్దు. నోటికి వచ్చాక అదే వరుసలోని ‘సాంక్తుస్’ (‘పరిశుద్ధుడు’ పాట), ఆపైన ‘పాతెర్ నోస్తెర్’ (పరలోక ప్రార్థన). శ్రుతి దించండి. ఆర్గన్ గట్టిగా మోగితే జనం పాడటం మాని వింటారు. లతీను మాటల కింద మాతృభాషలో అర్థం అచ్చువేయించండి.

ఈ లతీను పాటలకు పీఠాధిపతి (బిషప్) ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, పూజ ఎలా జరపాలో చెప్పే ప్రస్తుత పూజాగ్రంథ సాధారణ నియమావళి 41వ పేరా కోరేదే ఇది. 1962 నాటి పాత లతీను పూజాగ్రంథం వాడటానికి మాత్రం 2021 నాటి పోపు ఆదేశం ‘త్రదిత్సియోనిస్ కుస్తోదెస్’ ప్రకారం ఆయన అనుమతి తప్పనిసరి.