ముసలోళ్ల ఇండ్ల పని పెట్టుకున్న మా బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సగం ఏడుపు, సగం గొప్పలు. హైదరాబాద్‌ల మంచి నౌకరి ఇడిసిపెట్టి నల్లగొండకొచ్చి, ఒంటరిగ ఉండే ముసలోళ్లు ఎవరింట్ల వాళ్లే మంచిగ బతికేటట్టు చూసే పని పైలట్ లెక్క మొదలువెడుతున్నవట, పానగల్లు దిక్కు ఇరవై ఇండ్లు, మర్రిగూడ మండలంల ఇరవై ఇండ్లు, ఆర్నెల్లు చేసి చూస్తవట. బాత్రూంల రాడ్లు బిగించుడు, మెట్లు, లైట్లు సరిచేసుడు, వారానికోసారి పోయి పలకరించుడు, పింఛన్ కాయితాలు, గిదే గదా. "అక్కా, నువ్వన్న చెప్పు దానికి" అన్నది మీ అమ్మ. వద్దని చెప్పమన్నదో, మంచిగ చెయ్యమని చెప్పమన్నదో నాకు సమజ్ కాలే. నాకైతే నిద్రపట్టలే, అటు సంబురం ఇటు భయం, అందుకే తెల్లారకముందే కూసోని ఇది టైప్ చేస్తున్న.

ముందుగాల అల్కటి ముచ్చట్లు చెప్పేస్త. మంచం కాడ చెయ్యి అందేటట్టు స్విచ్ పెట్టు. జారే బండలుంటే గీతలు కొట్టియ్యి. ఆశా వర్కర్‌ను, సంఘం ఆడోళ్లను దగ్గరికి తీసుకో, ఎవరింట్ల ఏమున్నదో వాళ్లకెరుక. పత్తి ఏరే టైంల మీటింగులు పెట్టకు, ఎవ్వరు రారు. 14567 నంబరు పెద్ద అక్షరాలతోటి గోడ మీద రాయించు, అది ముసలోళ్ల హెల్ప్‌లైన్.

ఒంటరి అంటే ఒక్కరే ఉన్న ఇల్లు అని మాత్రం రాసుకోకు. కొడుకు కోడలు పొద్దుగాల కూలికి పోతే మల్ల పొద్దుగూకినంకనే వస్తరు, పొద్దంత ముసలామె ఒక్కతే. పాలమూరు దిక్కు ఇంకా అన్యాలం, నెలలకు నెలలు వలస పోతరు, ముసల్దానికి తోడు మనుమలను గూడ ఇడిసిపోతరు. నీ సర్వేల గసొంటి ఇల్లు "నలుగురున్న కుటుంబం" అని వస్తది, చూస్కో.

ఇంకోటి, గోడకు డ్రిల్లింగ్ పెట్టేముందు ఇల్లు ఎవరి పేరు మీదుందో అడుగు. చానమంది కొడుకు పేరు మీద రిజిస్ట్రీ చేసిచ్చి అండ్లనే ఓ మూలకుంటరు. చూసుకుంట అనే షరతు మీద రాయించుకోని చూడకపోతే ఆ రిజిస్ట్రీ రద్దు చేపిచ్చే కానూన్ 2007ల వచ్చింది, ఆర్డీవో కాడ అర్జీ పెట్టుకోవాలె. కానీ ఆ షరతు కాయితంల రాసి లేకపోతే కేసు నిలబడుడు కష్టం, మనోళ్లు నమ్మి ఉత్తగనే రాసిస్తరు. నువ్వు కొట్లాట పెట్టకు, ఎవరన్న అడిగితే మాత్రం చెప్పు. పైసలు గూడ తీసుకోకు బిడ్డా. 2019ల పింఛన్ 2,016 చేసిండ్రు, అండ్లకెళ్లే గోలీలు, పాలు, మనుమరాలికి నోట్‌బుక్కు. ఆ పైసల కోసం పోతే వేలిముద్ర పడదు, పొలం పనులు చేసి చేసి వేళ్లు అరిగిపోయుంటయి. నెలకు రెండొందలు అని నువ్వు రశీదు బుక్కు తీస్తే వాళ్లు వద్దనరు, గోలీలు మానేస్తరు. నేను చూసిన.

ఇగ అసలు ముచ్చట. మర్రిగూడ దిక్కు పోతున్నవ్ గాబట్టి చెప్తున్న.

నేను ఏఎన్ఎంగ, అంటే సర్కారు నర్సుగ, ఆ ఊర్లల్ల తిరిగిన రోజులు నీకు యాదికుండయి, నువ్వు చిన్నదానివి. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు, ఆ బోర్లల్ల మస్తు ఎక్కువుండేది. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసుడుకు మన నల్లగొండ పేరే పెట్టిండ్రు, నేను గూడ బకెట్ల కలిపి చూపించిన, ఎన్ని రోజులు కలుపుతరు జనం. ఇప్పుడు భగీరథ నల్లాలొచ్చినయి గని ఆ బోరు నీళ్లు తాగి అప్పుడు ఒంగిన నడుము ఇప్పుడు సక్కగైతదా. మెడ తిరగదు, మోకాలు మడవరాదు. పన్నెండు వేలతోటి కట్టిన లెట్రిన్లల్ల కట్టెలు పేర్సుకున్నరని అందరు నవ్విండ్రు గని, కింద కూసోనే రానోళ్లకు ఆ లెట్రిన్ ఎందుకు పనికొస్తదని ఒక్కలన్న అడిగిండ్రా.

అక్కడొక అవ్వ ఉండె. గూనపెంకల ఇల్లు, రెండు అర్రలు, కొడుకు పట్నంల. మెడ కొయ్య లెక్క, కుడి చెయ్యి భుజం దాంక లేవదు. నాకు చాయ్ పొయ్యంది పంపకపోయేది. 2004 ఎండకాలం నాకు ఎందుకు పుట్టిందో బుద్ధి, ఈమె పడిపోతది, ఏమన్న చెయ్యాలె అని. నా జీతం పైసలతోటి మేస్త్రీని తీసుకపోయిన. ఎనక తానం చేసే జాలారి దాంక గోడ పొడుగు ఇనుప పైపు బిగించిన. మంచం గాలొస్తదని కిటికి కాడికి జరిపించిన. ఇంట్ల నడుమ ఓ పాత చేంతాడు, మంచం కోడు నుంచి ఎనక దర్వాజ దాటి జాలారి గుంజ దాంక కట్టి ఉండె, అండ్ల రెండు చీరలు ఆరేసి ఉండె. కాళ్లకు తట్టుకుంటదని ఇప్పించి చుట్ట చుట్టి గోడకున్న మొలకు తగిలేసిన. ఆ చుట్టేటప్పుడు నా చేతికి తాడు ముడులు తగిలినయి, మూడు ముడులు. ఏందో పాతది తెగితే ముడేసుకుందనుకున్న.

ఊరంత మెచ్చుకున్నది. అవ్వ గూడ "మంచిగుంది బిడ్డా" అన్నది. నర్సమ్మ చేపిస్తే మంచిగలేదని ఎట్లంటది?

నాలుగో రోజు రాత్రి గడప కాడ పడింది. పాలు పోసే పిల్లగాడు పొద్దుగాల చూసిండు. తుంటి ఎముక ఇరిగింది. నేనేం చేసిన్నో నాకు మెల్లమెల్లగ ఎరుకైంది, పక్కింటామె చెప్తుంటే. మొదటి ముడి గడప, రెండోది మెట్టు, మూడోది బకెట్. ఎడమ చేత్తోటి తాడు పట్టుకోని, ముడులు లెక్కవెట్టుకుంట చీకట్ల పోయొచ్చేదట, కరెంట్ ఉన్నా లేకున్నా, ఎన్నో ఏండ్ల సంది. నేను బిగించిన పైపు కుడి దిక్కు. గోడ అటే ఉంది గాబట్టి అటే బిగించిన. ఆమె కుడి చెయ్యి లేవదని నా రిజిస్టర్ల నేనే రాసుకున్న, బిడ్డా, నా చేత్తోటి నేనే.

కొడుకొచ్చి పట్నం తీసుకపోయిండు. మూడో అంతస్తుల అర్ర. ఒక్కసారి పోయిన చూడనీకి. తిట్టలే, కోపం గూడ లేదు. మంచంల పండుకోనే అడిగింది, "తాడు ఏడ పెట్టినవ్ బిడ్డా" అని. మొలకే ఉందవ్వా అన్న. "ఎలుకలు కొడ్తయి, జర చూడు" అన్నది. ఇంటికి మల్లొస్తననే ఉండె ఆమెకు. రాలే.

అందుకే చెప్తున్న, నువ్వు టేపు పట్టుకోని పోకు మొదటిరోజు. పుస్తకంల రాడ్ ఎత్తు ఎనభై, తొంభై సెంటీమీటర్లు అని ఉంటది, ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు అని ఉంటది, మన గల్లీలల్ల పన్నెండు అడుగులు ఏడికెళ్లి తెస్తవ్? ఊకె కూసో. చాయ్ తాగు. "అవ్వా, రాత్రి లేస్తే ఎట్ల పోతవ్, నాకు చూపెట్టు" అని అడుగు, ఎనక ఎనక నడువు, చెయ్యి ఏడ పెడుతుందో చూడు. రాడ్ ఆడ పెట్టు. వద్దంటే పెట్టకు. మంచిగుంది అన్నా నమ్మకు, పది రోజులైనంక రాత్రిపూట పోయి చూడు. నీ ఫోటోల కోసం ఇల్లు సర్దకు, మా కాలంల పైలట్ అంటే అదే ఉండె, మూడు నెలలు ఫోటోలు, నాలుగో నెల రిజిస్టర్ బీరువాల.

కోపమొచ్చిందా? రానీ. మీ పెదనాయిన పోయినంక నేను గూడ నీ లిస్టుల మనిషినే, మీ అమ్మకు చెప్పకు. రాత్రి లేస్తే ముందు ఫ్రిజ్ పట్టుకుంట, తర్వాత డైనింగ్ కుర్చీ వీపు, తర్వాత దర్వాజ చౌకట్. పొద్దుగాల అందరు వచ్చి ఈ కుర్చీ ఇక్కడెందుకు అడ్డంగ అని జరుపుతరు, పోయినంక మల్ల నేను గుంజుకుంట. నా భయం ఒక్కటే, బాత్రూంల లోపల గొళ్లెం పెట్టుకోని పడితే ఎవరు తెరుస్తరు? గొళ్లెం పెట్టకుంట పోవుడు నాతోని కాదు, ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నా సిగ్గు సిగ్గే. నీ నలభై ఇండ్లల్ల రాడ్లకంటే ముందు గొళ్లేలు చూడు, చిన్న పనని ఎవ్వరు పట్టించుకోరు.

బయటికెళ్లి రూపాయి బిళ్లతోటి తిప్పితే తెరుచుకునే రకం ఉంటదట. ఆదివారం వచ్చేటప్పుడు ఒకటి తీసుకరా, డ్రిల్లింగ్ మిషన్ గూడ. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు చేస్త. కుర్చీ మాత్రం ముట్టకు.

మీ పెద్దమ్మ